తాళం వేసి సంక్రాంతికి ఊరెళ్లాలంటే భయంగా ఉంది: బోడుప్పల్, మేడిపల్లి వైపు ఉండేవాళ్లు చెప్పండి

కొత్తిల్లు_మనోళ్లు
మొన్న బుధవారం రాత్రి మా వెనక లైన్లో తాళం వేసిన ఇంట్లో దొంగలు పడ్డారు. రెండు నెలల్లో ఇది మూడోది. మాది హైదరాబాద్‌లో ఉప్పల్ దాటాక వరంగల్ హైవే పక్క కాలనీ, పేరు ఇక్కడ రాయను. అన్నీ ఇండిపెండెంట్ ఇళ్లే, మధ్యమధ్యలో ఖాళీ ప్లాట్లు. లోను పెట్టి కట్టుకుని దిగి రెండేళ్లయింది.

పొద్దున్నే నేనూ వెళ్లి చూశాను. టేకు తలుపు చెక్కుచెదరలేదు. గొళ్లెం మాత్రం మెలి తిరిగి గడప దగ్గర పడి ఉంది, తాళం దానికే వేలాడుతోంది. లోపల బీరువా సంగతి సరే, వంటింట్లో బియ్యం డబ్బా కూడా నేల మీద బోర్లించారు. బియ్యంలో పసుపు కలిసిపోయింది, దాని మీద చెప్పు ముద్ర. ఆ ఇంటావిడ ఊరి నుంచి ఫోన్లో ఏడుస్తూ ఒకటే అడుగుతోంది, "డబ్బాలో చూశారా, డబ్బాలో చూశారా" అని. ఆ మాట నా చెవుల్లోంచి పోవట్లేదు.

పండక్కి మేము అమలాపురం వెళ్లాలి, అయిదు రోజులు. మా ఆవిడ ఇల్లు అద్దెకిచ్చేసి గేటెడ్ కమ్యూనిటీకి పోదామంటోంది. అమ్మ అయితే "మీరు వెళ్లండి, నేను కాపలా ఉంటాను" అంటోంది. 71 ఏళ్ల మనిషి. అసలు ఈ వైపు క్రైమ్ రేటు నిజంగా ఎక్కువా, లేక పక్కనే జరిగింది కాబట్టి మాకు అలా అనిపిస్తోందా?

మల్లేశం_మేడిపల్లి
నేను 1998 నుంచి ఇక్కడే ఉంటున్నాను. అప్పుడు ఇదంతా పడావు భూమి. చీకటి పడితే ఉప్పల్ నుంచి ఆటో దొరికేది కాదు. దొంగతనాలు అప్పుడూ ఉన్నాయి తమ్మీ. కాకపోతే ఎత్తుకుపోయేది బోరు మోటార్లు, స్టార్టర్లు, సెంట్రింగు ఇనుము. ఇప్పుడు బంగారం. ఇళ్లు పెరిగాయి, పక్కింటాయన పేరు తెలియని ఇళ్లు ఇంకా పెరిగాయి. మీ అమ్మగారిని మాత్రం ఒంటరిగా ఉంచకండి. పోతే పోనీ సొమ్ము.

శ్రీలత_పీర్జాదిగూడ
ఇళ్ల సంగతి అందరూ మాట్లాడతారు, రోడ్డు సంగతి ఎవరూ మాట్లాడరు. ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ పనులు 2018లో మొదలయ్యాయి. ఏళ్ల తరబడి ఆ పిల్లర్ల పక్కన గుంతలు, దుమ్ము, చీకటి. ఆ చీకట్లోనే నా మెడలో నల్లపూసలు లాగారు. బండి మీద ఇద్దరు, వెనకవాడు అడ్రసు అడిగాడు. నేను వేలు చూపించడానికి చెయ్యెత్తాను, అంతే. గొలుసు తెగేముందు మెడ మీద గీసుకున్న గీత నెల రోజులు ఉంది. పోయింది తులంన్నర. ఇప్పటికీ వెనక బండి శబ్దం వినిపిస్తే చెయ్యి మెడ మీదికి పోతుంది.

సత్తిబాబు_1980
మేడమ్, కేసు పెట్టారా?

శ్రీలత_పీర్జాదిగూడ
పెట్టలేదు సత్తిబాబు గారూ. మా ఆయన స్టేషన్ చుట్టూ ఎవరు తిరుగుతారన్నారు, నేనూ ఊరుకున్నాను. ఇప్పుడు ఆ తప్పు తెలుస్తోంది.

లెక్కల_మాస్టారు
శ్రీలత గారు చెప్పిన దాంట్లోనే కొత్తిల్లు గారి ప్రశ్నకు సగం జవాబు ఉంది. ఆవిడ గొలుసు పోయింది, కానీ లెక్కలో లేదు. క్రైమ్ రేటు అంటే జరిగిన నేరాలు కాదండీ, నమోదైన కేసులు. లక్ష జనాభాకి ఎన్ని కేసులు అన్నదే ఆ అంకె. జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా వేసే పుస్తకంలో రాష్ట్రాల వారీగా, పెద్ద నగరాల వారీగా లెక్కలు ఉంటాయి. డిసెంబరు చివర్లో పోలీసు కమిషనర్లు ఆ ఏడాది లెక్కలు చెబుతారు. ఎక్కడా మన కాలనీ లెక్క ఉండదు. పైగా కింద భాగించే జనాభా అంకె 2011 లెక్కల మీద వేసిన అంచనా. 2011లో బోడుప్పల్ ఎలా ఉండేది, ఇప్పుడెలా ఉందో మల్లేశం గారిని అడగండి.

అంకె పెద్దదైతే ప్రమాదం, చిన్నదైతే క్షేమం అని కూడా అనుకోకండి. 2022లో సైబర్ నేరాల కేసుల్లో దేశం మొత్తం మీద తెలంగాణ మొదటి స్థానం, 15,297 కేసులు. అంతకు ముందు ఏడాది 10,303. అంటే దేశంలోని సైబర్ దొంగలందరూ మన మీదే పడ్డారని కాదు. జనం ఫిర్యాదు చేశారు, ఇక్కడ కేసు కట్టారు, అందుకే కనిపించింది. కట్టనిచోట్ల అంకె చిన్నగా, అందంగా ఉంటుంది.

కాబట్టి ఇల్లు కొనేవాళ్లు నన్ను "ఆ ఏరియాలో క్రైమ్ రేటెంత" అని అడిగితే ఒకటే చెబుతాను. సాయంత్రం ఏడింటికి ఒకసారి, రాత్రి పదకొండింటికి ఒకసారి ఆ వీధిలో నడవండి. ఎన్ని స్తంభాలకు లైట్లు వెలుగుతున్నాయి, ఎన్ని ప్లాట్లలో పిచ్చి చెట్లు ఉన్నాయి, ఎంతమంది ఆడవాళ్లు బయట నడుస్తున్నారు చూడండి. కిరాణా కొట్టాయన్ని పలకరించండి. ఆయన చెప్పేది ఏ పుస్తకంలోనూ ఉండదు.

యువ_సింహం
అంత లెక్కలు అక్కర్లేదు అన్నా. చెడ్డీ గ్యాంగ్ దిగిందని మా గ్రూపులో వీడియో వచ్చింది. కొత్త బిల్డింగుల దగ్గర షెడ్లు వేసుకుని ఉంటున్న బయటి రాష్ట్రాల లేబర్‌ని ఖాళీ చేయిస్తే సగం ప్రాబ్లం పోతుంది. రాత్రి కాలనీలో తెలియనివాడు కనిపిస్తే నాలుగు తగిలించి అడగాలి.

సత్తిబాబు_1980
ఆ వీడియో మా గ్రూపులో కూడా తిరిగింది తమ్ముడూ. 2021 డిసెంబరులో విజయవాడ, తాడేపల్లి వైపు చెడ్డీ గ్యాంగ్ తిరిగినప్పుడు ఏ కెమెరా వీడియో చూశానో అచ్చం అలాగే ఉంది. ఏటా చలికాలం రాగానే కొత్త ఊరి పేరు తగిలించి పంపిస్తారు.

మల్లేశం_మేడిపల్లి
యువ సింహం, నువ్వు చిన్నవాడివి కావచ్చు, అందుకే చెబుతున్నా. 2018 మే నెలలో ఇలాగే ఫోన్లలో మెసేజీలు తిరిగాయి, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందని. ఇదే హైవే వైపు, బీబీనగర్ దగ్గర ఒక మనిషిని కొట్టి చంపారు. అదే వారంలో చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను రాళ్లతో కొట్టి చంపారు. ఇద్దరూ ఏ పాపం ఎరగనివాళ్లు. "నాలుగు తగిలించి అడుగుదాం" అని మొదలైందే అక్కడ కూడా. ఆ రోజుల్లో మా ఊళ్లల్లో రాత్రిపూట కర్రలు పట్టుకుని తిరిగినవాళ్లలో నేనూ ఉన్నాను. ఎవరైనా కొత్త మనిషి మా చేతికి చిక్కి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. ఈ మాట ఇంకోసారి అనకు.

యువ_సింహం
సరే అన్నా. నాకు ఆ సంగతి తెలియదు. కొట్టడం మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ భయం ఉన్న మాట నిజం.

రవి_నాలుగో_అంతస్తు
నాది కూడా ఒకటి చెప్పనివ్వండి. మా నాన్న పద్నాలుగేళ్లు అపార్ట్‌మెంట్ వాచ్‌మన్. మెట్ల కింద గదిలో పెరిగాను. మూడు దొంగతనాలు జరిగాయి ఆ ఏళ్లలో. మూడుసార్లూ మొదట వెతికింది మా గదే. అమ్మ చీరల పెట్టె మెట్ల మీద గుమ్మరించారు, పైనుంచి దిగేవాళ్లంతా చూస్తుండగా. రెండుసార్లు దొరికింది బయటివాళ్లు, మూడోసారి ఆ ఫ్లాటు వాళ్ల బంధువే. ఒక్కరూ వచ్చి "తప్పయింది" అనలేదు. ఇప్పుడు నేను అలాంటి బిల్డింగులోనే సొంత ఫ్లాటులో ఉంటున్నాను. మీటింగులో "వాచ్‌మన్ మీద అనుమానం" అని ఎవరన్నా మొదలెడితే లేచి నిలబడతాను. వేలిముద్రలు తీయండి, కెమెరా చూడండి, తర్వాత మాట్లాడండి.

శ్రీలత_పీర్జాదిగూడ
రవీ, చదువుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. మీ అమ్మగారు ఇప్పుడు మీ దగ్గరే ఉన్నారా?

రవి_నాలుగో_అంతస్తు
ఉన్నారక్కా. నాన్న లేరు.

రమణి63
కొత్తిల్లు బాబూ, దొంగకి మీ ఇల్లు ఖాళీ అని చెప్పేది తాళం కాదు. ముగ్గు. సంక్రాంతి నెలంతా ప్రతి గుమ్మం ముందూ ముగ్గుంటుంది. భోగి రోజు తెల్లారి వీధిలో నడిస్తే ముగ్గు లేని గుమ్మాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అవన్నీ ఖాళీ ఇళ్లే. దానికి తోడు గేటు లోపల పడి ఉన్న పాల ప్యాకెట్టు, తడిసిన పేపరు, పగలు కూడా వెలుగుతున్న బయటి లైటు. ఇంతకంటే ఏం కావాలి వాళ్లకి? రాత్రి లైటు వేసి వెళ్తే మంచిదనుకుంటారు, పట్టపగలు వెలుగుతుంటే ఎవరూ లేరని చాటినట్టే.

మా లైన్లో పదకొండు ఇళ్లు. ఊరెళ్లేవాళ్ల గుమ్మం ముందు నీళ్లు చల్లి ముగ్గు పెట్టే బాధ్యత పక్కింటివాళ్లది. మూడేళ్లుగా చేస్తున్నాం. పోయినేడు మా ఎదురింటి వాళ్లు శబరిమల వెళ్తే వాళ్ల గుమ్మం ముందు నేనే రోజూ రథం ముగ్గు పెట్టాను. నా గుమ్మం ముందు కంటే అక్కడే బాగా వచ్చింది!

సత్తిబాబు_1980
రమణి గారూ, ఇన్నేళ్లలో ఇది నాకు తట్టనే లేదు. చదివి లేచి వీధిలోకి వెళ్లి చూసొచ్చాను. మా వీధిలో నాలుగు గుమ్మాలు బోసిగా ఉన్నాయి. నాలుగూ తాళాలే.

కెమెరాల_నాగరాజు
నేను సీసీ కెమెరాలు బిగిస్తాను, పన్నెండేళ్లుగా ఇదే పని. నా కడుపు కొట్టుకునే మాటే అయినా చెబుతాను. కెమెరా దొంగని ఆపదు, దొరికితే పట్టిస్తుంది. అది కూడా సరిగ్గా పెడితేనే. దొంగతనం జరిగాక ఫుటేజీ తీయడానికి నన్ను పిలుస్తుంటారు. వెళ్తే చాలాచోట్ల ఇవే కనిపిస్తాయి: కెమెరా ముందు సాలెగూడు. పగలు కనపడదు, రాత్రి చీకట్లో చూడ్డానికి కెమెరాలో ఉండే ఐఆర్ లైటు దాని మీద పడి బొమ్మంతా తెల్లగా అయిపోతుంది. వీడియో రికార్డయ్యే డబ్బా, అదే డీవీఆర్‌లో టైము ఇరవై నిమిషాలు తేడా. హార్డ్ డిస్క్ పోయి ఆర్నెల్లయినా ఎవరూ చూసుకోలేదు. అన్నింటికంటే ఘోరం, డీవీఆర్ టీవీ కింద అరలో పెడతారు. దొంగ పోతూపోతూ దాన్నీ పట్టుకుపోతాడు. అటక మీద పెట్టండి, లేదా ఫోనుకి వీడియో వచ్చేలా నెట్ కెమెరా ఒకటన్నా పెట్టండి.

ఇంకోటి. అందరూ కెమెరా తమ గేటు వైపు తిప్పుకుంటారు. వీధి మొదట్లో, చివర్లో ముఖం ఎత్తులో రెండు, బండి నంబరు కోసం కిందికి ఒకటి. ఇరవై ఇళ్లవాళ్లు కలిసి పెట్టుకుంటే ఒక్కో ఇంటికీ పడేది తక్కువ, పని చేసేది ఎక్కువ. కాలనీవాళ్లు కలిసి పెట్టుకునే కెమెరాల కోసమే పోలీసుల "నేను సైతం" కార్యక్రమం ఉంది, అడిగితే ఎక్కడ పెట్టాలో వాళ్లే వచ్చి చూపిస్తారు.

కొత్తిల్లు అన్నా, గొళ్లెం సంగతి. ముప్పై వేల తలుపుకి అంగుళం స్క్రూలు నాలుగు కొట్టి గొళ్లెం బిగిస్తారు. రాడ్డు పెట్టి మెలిపెడితే ఒక్క నిమిషం. బయటికి కనిపించే తాళం తీసేసి, తలుపు లోపల ఇమిడే లాకు పెట్టించండి. వెనక వాష్ ఏరియా తలుపు మర్చిపోకండి, అది మామూలుగా ప్లైవుడ్డే ఉంటుంది.

కొత్తిల్లు_మనోళ్లు
నాగరాజు గారూ, వాష్ ఏరియా తలుపు చూశాను. మీరన్నట్టే ప్లైవుడ్డు, వానకి కింద ఉబ్బి గడియ కూడా పూర్తిగా పడట్లేదు. రెండేళ్లుగా రోజూ చూస్తున్న తలుపే.

గేటెడ్_లోపల
మీ ఆవిడ గేటెడ్ అంటున్నారు కదా, మేము కొంపల్లి వైపు ఒక గేటెడ్‌లో అయిదేళ్లుగా ఉంటున్నాం. పిల్లలు రాత్రి తొమ్మిదింటిదాకా సైకిళ్లు తొక్కుకుంటారు, ఆ నిశ్చింతకి ఎంతిచ్చినా తక్కువే. కానీ దొంగతనం జరగదని మాత్రం అనుకోకండి. మా దగ్గర రెండు విల్లాల్లో పోయింది. గోడ అవతల ఖాళీ స్థలం, గోడకి ఆనుకుని చెట్టు. గేటు దగ్గర నలుగురు సెక్యూరిటీ, వెనక గోడ దగ్గర ఒక్కడూ లేడు. గేటు ఉందని ఇక్కడ చాలామంది తలుపులు కూడా వేసుకోరు.

శ్రీలత_పీర్జాదిగూడ
నేను ఒప్పుకోను. అందరూ గోడలు కట్టుకుని లోపలికి పోతే బయటి రోడ్డు మీద నడిచేవాళ్ల సంగతేంటి? మేము అద్దెకుండేవాళ్లం. వీధి లైటు వెలగడం అందరి హక్కు.

గేటెడ్_లోపల
మీరన్నది కరెక్టే మేడమ్. నా పిల్లల భయంతో నేను వెళ్లాను.

లా_పాయింట్
కేసు పెట్టడం గురించి ఇంతమంది వెనకాడుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను. 2024 జూలై 1 నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఇళ్లలో దొంగతనం సెక్షన్ 305, ఏడేళ్ల దాకా శిక్ష. గొలుసు లాక్కెళ్లడానికి పాత చట్టంలో వేరే సెక్షన్ లేదు, ఇప్పుడు 304 అని పెట్టారు, మూడేళ్ల దాకా. ఫిర్యాదు ఏ స్టేషన్లోనైనా ఇవ్వొచ్చు, మా పరిధి కాదని పంపేయకూడదు. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకి ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. కేసు కట్టకపోతే ఎస్పీ స్థాయి అధికారికి రాతపూర్వకంగా పోస్టులో పంపండి, అప్పటికీ కాకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు.

దొంగతనం జరిగిందని తెలియగానే లోపలికి వెళ్లకండి. సర్దకండి. ముందు 100 గానీ 112 గానీ. కొత్తిల్లు గారు చెప్పిన ఆ పసుపు మీది చెప్పు ముద్ర, వేలిముద్రలు, ఆధారాలు తీసుకునే క్లూస్ టీమ్ వచ్చేదాకా అలాగే ఉండాలి. సామాన్యంగా మనవాళ్లు పోలీసులు వచ్చేలోగా ఇల్లు ఊడ్చేస్తారు, నలుగురూ వస్తారని.

అనంతపురం_పిల్ల
చట్టం సరే సార్, జరిగేది వేరు. మా ఊళ్లో మా పెద్దమ్మ ఇంట్లో పోతే, ఏ స్టేషనో చెప్పను, కాగితం మీద పిటిషను రాయించుకుని పంపేశారు. ఎనిమిది తులాలు పోతే "బిల్లులున్నాయా, అయిదని రాయండి" అన్నారు. మా పెద్దమ్మకి పుట్టింటివాళ్లు 1985లో పెట్టిన బంగారానికి బిల్లు ఎక్కడిది? మూడుసార్లు తిరిగి, పై ఆఫీసుకి ఉత్తరం రాస్తే అప్పుడు కట్టారు. మొత్తం దొరకలేదు. దొరికిన కాసులపేరు కోర్టు నుంచి ఇంటికొచ్చింది మాత్రం పెళ్లి ఆల్బం వల్ల. ఫొటోలో పెద్దమ్మ మెడలో ఉంది చూడండి, మధ్యలో ఒక కాసు అతుకు వేసి ఉంటుంది, ఆ అతుకు ఫొటోలో కనిపించింది. అందరూ ఈ ఆదివారం బీరువాలో ఉన్నదంతా మంచం మీద పరిచి ఫొటోలు తీసుకోండి. తర్వాత బ్యాంకు లాకర్లో పెట్టండి. బియ్యం డబ్బా, పోపుల పెట్టె, దేవుడి పటం వెనక, ఇవన్నీ దొంగలకి మనకంటే ముందే తెలుసు.

లా_పాయింట్
మీ పెద్దమ్మగారు చేసిందే సరైన పని. బిల్లు లేకపోయినా కేసు కట్టాలి, ఎంత పోతే అంతా రాయాలి.

డల్లాస్_బెజవాడ
ఇక్కడా ఇదే గోల. మన ఇళ్లలో బంగారం ఉంటుందని అమెరికాలో దొంగలకీ తెలిసిపోయింది. 2011, 2014 మధ్య జార్జియా, న్యూయార్క్, ఒహాయో, మిషిగన్, టెక్సాస్‌లలో భారతీయుల, ఆసియా వాళ్ల ఇళ్లు వెతికి మరీ దోచుకున్న ముఠా నాయకురాలికి 37 ఏళ్ల శిక్ష పడింది. దీపావళికి మా సబ్‌డివిజన్‌లో పోలీసులే వచ్చి చెబుతారు, పట్టుచీరలతో నగలతో ఫొటోలు ఆ రోజే పెట్టకండి, చెప్పులన్నీ గుమ్మం బయట వదలకండి అని. మా అమ్మ బోడుప్పల్‌లోనే ఒక్కతే ఉంటుంది. రమణి గారి లైను ఎక్కడో నాకు మెసేజ్ పెట్టగలరా?

రమణి63
పెట్టాను నాయనా. అమ్మకి నా నంబరు ఇవ్వు. రేపు సాయంత్రం వెళ్లి కూర్చుని వస్తాను.

సత్తిబాబు_1980
ఊరెళ్లేముందు బీట్ కానిస్టేబుల్‌కి చెప్పి వెళ్లండి, పండగలప్పుడు వాళ్లే అడుగుతారు. ఆంధ్రలో ఉన్నవాళ్లకి పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) ఉంది, తాళం వేసిన ఇంట్లో కెమెరా పెట్టి చూస్తారు, ఉచితం. మా చెల్లెలు వాడింది. ఫొటోలు మాత్రం ఊరి నుంచి వచ్చాకే పెట్టండి. గంగిరెద్దుతో సెల్ఫీ వారం ఆగినా పాడైపోదు.

కొత్తిల్లు_మనోళ్లు
పండగయ్యాక రాస్తున్నాను. ఈ చర్చ చదివి ఆ ఆదివారమే మా లైన్లో ప్రతి ఇంటి తలుపూ కొట్టాను. రెండేళ్లలో మొదటిసారి. పద్నాలుగు ఇళ్లలో ఎనిమిది మంది మా మేడ మీదికి వచ్చారు, టీ తాగాం, ఫోన్ నంబర్లు రాసుకున్నాం. ఖాళీ ప్లాటు ఓనరు నిజామాబాద్‌లో ఉంటారట, ఫోన్ చేస్తే జేసీబీ డబ్బులు పంపారు. సర్కారు తుమ్మ అంతా కొట్టించాం. అయిదు స్తంభాల్లో మూడింటికి లైట్లు వచ్చాయి, రెండింటికి ఇంకా తిరుగుతున్నాను. తలుపులు రెండూ మార్పించాను.

అమ్మ మాతోనే అమలాపురం వచ్చింది. భోగి రోజు పొద్దున్న ఆరున్నరకి మూడో ఇంటి లక్ష్మి గారు ఫొటో పంపారు. మా గేటు ముందు చుక్కల ముగ్గు, మధ్యలో గొబ్బెమ్మ, దాని మీద గుమ్మడి పువ్వు. అమ్మ ఆ ఫొటో ఊళ్లో అందరికీ చూపించింది.

వెనక లైను ఆవిడ తిరిగొచ్చారు. కేసు నడుస్తోంది, సొమ్ము ఇంకా దొరకలేదు. ఆవిడ పెళ్లి ఆల్బం వెతుకుతున్నారు, అనంతపురం గారు రాసింది నేనే చదివి వినిపించాను. శ్రీలత గారూ, మీ కేసు ఇప్పుడైనా పెట్టొచ్చా?

లా_పాయింట్
పెట్టొచ్చు. ఆలస్యం ఎందుకైందో ఫిర్యాదులో రాయాలి. శ్రీలత గారూ, ఎప్పుడు జరిగిందో తారీఖు గుర్తుందా?

శ్రీలత_పీర్జాదిగూడ
తారీఖు, టైము, వాడి చొక్కా రంగు కూడా గుర్తుంది. సోమవారం వెళ్తాను. మా ఆయన కూడా వస్తానన్నారు.

కెమెరాల_నాగరాజు
కొత్తిల్లు అన్నా, మిగతా రెండు స్తంభాల నంబర్లు ఫొటో తీసి పెట్టు. స్తంభం మీద రాసి ఉంటుంది, ఫిర్యాదులో ఆ నంబరు వేస్తే లైన్‌మన్‌కి వెతుక్కునే పని ఉండదు.